మిల్టన్ చదువు: ఏది ఎక్కడ నేర్చుకున్నాడు, తేదీలు ఎందుకు తేడా వస్తాయి

మీరు అడిగినవి మొత్తం నాలుగు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవి జాన్ మిల్టన్ కేంబ్రిడ్జిలో చేరింది 1624లోనా, 1625లోనా? కాలేజీ నుంచి వెళ్ళగొట్టారనీ, ట్యూటరు కొట్టాడనీ గైడుల్లో ఉన్నది ఎంతవరకు నిజం? ఆ రోజుల్లో బడిలో అసలేం చదివించేవారు? ఎం.ఏ. ఇంగ్లీషు సెమినార్ పేపరులో ‘ఎర్లీ లైఫ్ అండ్ ఎడ్యుకేషన్’ కింద దేనికి ఎంత చోటివ్వాలి?

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావి దాన్నిబట్టే తేలతాయి. గైడులన్నీ కేంబ్రిడ్జి చుట్టూ తిరుగుతాయి, పేరున్న చోటు కాబట్టి. నన్నడిగితే మిల్టన్‌ని కవిగా తయారుచేసింది కేంబ్రిడ్జికి ముందు చదివిన సెయింట్ పాల్స్ బడి, కేంబ్రిడ్జి అయ్యాక తండ్రి ఇంట్లో కూర్చుని చదివిన ఆరేళ్ళు. నడుమ కాలేజీలో గడిచిన ఏడేళ్ళు అతనికి రెండు పట్టాలిచ్చాయి, జన్మంతా తిట్టుకోవడానికి ఒక పాఠ్యప్రణాళికనూ ఇచ్చాయి. మీ పేపరులో సగం బడికి ఇవ్వండి. మిగిలిన సగంలో ఇల్లు, కాలేజీ, ఆ తర్వాతి ఆరేళ్ళు సర్దుకుంటాయి.

ముందు తేదీల చిక్కు తేల్చుకుందాం. అప్పట్లో ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 దాకా పడే ప్రతి తేదీకీ వాళ్ళు పాత ఏడాదే వేసేవారు. కేంబ్రిడ్జిలో అతను చేరిన క్రైస్ట్స్ కాలేజీ ప్రవేశాల రిజిస్టరులో మిల్టన్ పేరు ఎదురుగా ‘ఫిబ్రవరి 12, 1624’ అని ఉంది. మన లెక్కలో అది 1625. అప్పటికి అతని వయసు పదహారేళ్ళ రెండు నెలలు. 1624 అని యథాతథంగా దించుకుంటే పదిహేనేళ్ళకే కాలేజీలో చేరినట్టు వస్తుంది, దాంతో తర్వాతి లెక్కలన్నీ ఒక ఏడాది జారిపోతాయి. పేపరులో ‘1625’ అని వేయండి, లేదా ‘1624/25’ అని రెండూ చూపండి. బి.ఏ. పట్టా తేదీ మార్చి 26, 1629. కొత్త ఏడాది మొదలైన మర్నాడు కాబట్టి దాన్ని మార్చక్కర్లేదు. ఎం.ఏ. తేదీ జులై 3, 1632కీ ఈ బెడద లేదు.

ఇంకో పదిరోజుల తేడా కూడా ఉంది. ఇంగ్లండు అప్పటికి జూలియన్ క్యాలెండరే వాడేది, ఇటలీ గ్రెగోరియన్‌కి మారిపోయింది. పుట్టినరోజు డిసెంబరు 9, 1608ని డిసెంబరు 19గా మార్చేవాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు. మీరు మార్చకండి. రోజు, నెల పాత లెక్కలో ఉంచి ఏడాదిని మాత్రం జనవరి నుంచి లెక్కపెట్టడం చరిత్రకారుల మామూలు పద్ధతి. ఈ పదిరోజుల సంగతి 1638-39 ఇటలీ ప్రయాణం దగ్గర మాత్రమే పట్టించుకోవాలి.

మూడో గొడవ మిల్టన్ తెచ్చిపెట్టిందే. 1645లో అచ్చువేసిన తన కవితల సంపుటిలో చాలా పద్యాల నెత్తిన లాటిన్‌లో ‘వయసు 17’, ‘వయసు 16’ అని వేసుకున్నాడు. వాటిని కళ్ళకద్దుకుని తేదీలు కట్టేస్తే బోర్లా పడతాం. ఈలీ బిషప్పు నికొలస్ ఫెల్టన్, విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ జాన్ గాస్లిన్, ఇద్దరూ 1626 అక్టోబరులోనే పోయారు. ఇద్దరి మీదా మిల్టన్ స్మృతిపద్యాలు రాశాడు. ఒకదానికి 17 అనీ, రెండోదానికి 16 అనీ వయసు వేశాడు. ఆ నెలంతా అతని వయసు పదిహేడే. పంతొమ్మిదేళ్ళ తర్వాత జ్ఞాపకం మీద వేసిన అంకెలవి. ఒకట్రెండు తప్పులు పోయినా ఆశ్చర్యం లేదు, చిన్నతనంలోనే రాశానని చూపించుకోవాలన్న సరదా కూడా ఉండి ఉండవచ్చు.

ఇక ఇంటి సంగతి. పుట్టింది లండన్ నగరం నడిబొడ్డున, చీప్‌సైడ్ బజారుని ఆనుకుని ఉన్న బ్రెడ్ స్ట్రీట్‌లో. రెక్కలు చాచిన గద్ద గుర్తున్న ఇల్లు. ఇళ్ళకి అప్పుడు నంబర్లు లేవు, గుర్తులే. తండ్రి పేరూ జాన్ మిల్టనే. వృత్తిరీత్యా స్క్రివెనర్. మన దగ్గరి దస్తావేజు లేఖరి పనికి వడ్డీవ్యాపారం కూడా కలిస్తే స్క్రివెనర్ అవుతాడు: ఒప్పందాలు, తాకట్టు కాగితాలు రాయడం, అప్పులు కుదర్చడం, సొంత డబ్బు వడ్డీకి తిప్పడం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న తాత రిచర్డ్ మిల్టన్ గట్టి కాథలిక్కు. కొడుకు గదిలో ఇంగ్లీషు బైబిలు కనపడేసరికి ఆస్తి ఇవ్వనని వెళ్ళగొట్టాడు. ఆ కొడుకు లండన్ వచ్చి స్వయంగా సంపాదించాడు. సంగీతంలోనూ గట్టివాడు. ఎలిజబెత్ రాణిని కీర్తిస్తూ 1601లో వెలువడిన మాడ్రిగల్ (పలువురు గొంతు కలిపి పాడే పాట) సంపుటిలో ఆయన రచన ఒకటుంది. మిల్టన్ పద్యాల నాదం గురించి రాసేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టడం సబబే.

డబ్బు సంగతి చాలా పేపర్లలో కనిపించదు, మీరు మాత్రం వదలకండి. 1627లో, మిల్టన్ కాలేజీలో ఉండగానే, ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఫారెస్ట్ హిల్‌లో ఉండే రిచర్డ్ పావెల్‌కి 300 పౌండ్లు అప్పిచ్చి, కాగితం కొడుకు పేరున రాయించాడు తండ్రి. వడ్డీ నూటికి 8, అప్పటి చట్టం ఒప్పుకున్న గరిష్ఠం అదే. అంటే ఏటా 24 పౌండ్లు. పట్టా పుచ్చుకుని ఏ ఉద్యోగమూ చేయకుండా ఆరేళ్ళు చదువుకోగలిగాడంటే ఇలాంటి వడ్డీల మీదే. 1642లో మిల్టన్ పెళ్ళాడింది ఆ పావెల్ కూతురినే. ఆ తర్వాత ఆ కాపురం ఎలా సాగిందన్నది మీ అంశం కాదు.

బడికి ముందు, బడితో పాటు కూడా, ఇంటికి మాస్టర్లు వచ్చేవారు. పేరు తెలిసినవాడు థామస్ యంగ్. స్కాట్లండువాడు, సెయింట్ ఆండ్రూస్‌లో చదివాడు, ప్రెస్బిటేరియన్, అంటే బిషప్పుల పెత్తనం ఒప్పుకోని ప్రొటెస్టెంటు శాఖవాడు. 1620లో హాంబర్గ్ వెళ్ళి అక్కడి ఇంగ్లీషు వర్తకులకు పాస్టరయ్యాడు. మిల్టన్‌కి ఒక హీబ్రూ బైబిలు బహుమతిగా ఇచ్చాడు. మిల్టన్ నాలుగో లాటిన్ ఎలిజీ (ఛందస్సుని బట్టి వచ్చిన పేరు, కింద చెబుతాను) 1627లో ఈయనకి రాసినదే, గురువు పరాయి దేశంలో యుద్ధాల మధ్య ఇరుక్కున్నాడన్న బెంగతో. తర్వాత 1640లలో బిషప్పుల వ్యవస్థకి వ్యతిరేకంగా కలిసి రాసిన ఐదుగురు మతాచార్యుల్లో యంగ్ ఒకడు, వాళ్ళ పక్షాన మిల్టన్ కరపత్రాలు రాశాడు. చిన్నప్పటి ట్యూషను ఇరవై ఏళ్ళు దాటాక కూడా పనిచేసిందన్నమాట. పదేళ్ళ వయసులో వేయించిన చిత్రంలో జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంటుంది. ప్యూరిటన్ మాస్టరే అలా కత్తిరించాడని, ఆ కాలపు ప్రముఖుల జీవిత విశేషాలు పోగుచేసిన జాన్ ఆబ్రీ రాసుకున్నాడు.

బడిలో చేరిన ఏడాదికి రికార్డు లేదు. 1666 లండన్ అగ్నిప్రమాదంలో సెయింట్ పాల్స్ బడి తగలబడింది, ఆనాటి పత్రాలూ పోయాయి. ‘1620 ప్రాంతంలో, అంతకు కాస్త ముందైనా కావచ్చు’ అని రాస్తే చాలు. బడి కెథడ్రల్ ఆవరణకి తూర్పు వైపున, బ్రెడ్ స్ట్రీట్ నుంచి నడిచి నాలుగడుగులు.

దాన్ని 1509లో డీన్ జాన్ కొలెట్ స్థాపించాడు, నిర్వహణ మెర్సర్స్ అనే వర్తక సంఘానికి అప్పగించాడు. సీట్లు 153. యోహాను సువార్తలో వలలో పడిన చేపల లెక్క అది. ఫీజు లేదు. చేరేటప్పుడు నాలుగు పెన్నీలిస్తే, ఆ డబ్బు బడి ఊడ్చే పేద విద్యార్థికి వెళ్ళేది. ఉదయం 7 నుంచి 11 వరకు, మళ్ళీ మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు, చలికాలమైనా ఎండాకాలమైనా ఇదే వేళ. చలికాలం పొద్దున్నే చీకటిగా ఉంటుంది కాబట్టి కొవ్వొత్తి ఎవరిది వారే తెచ్చుకోవాలి, అదీ మైనపుదే. పశువుల కొవ్వుతో చేసినవి కంపు కొడతాయని కొలెట్ నిబంధనల్లోనే వద్దన్నాడు. మొత్తం ఎనిమిది తరగతులు. కింది నాలుగూ ఉప ప్రధానోపాధ్యాయుడి కింద, పై నాలుగూ హై మాస్టరు (ప్రధానోపాధ్యాయుడు) కింద, మిల్టన్ రోజుల్లో ఆయన అలెగ్జాండర్ గిల్. అందుకే ‘అలెగ్జాండర్ గిల్ మిల్టన్‌కి మొదటినుంచీ పాఠం చెప్పాడు’ అన్న వాక్యం రాయకండి. గిల్ చేతికి అతను వచ్చింది పై తరగతుల్లో.

చదువు మొదలు లాటిన్ వ్యాకరణం. విలియం లిలీ పేరున్న వ్యాకరణం రాజాజ్ఞతో దేశమంతటా ఒకే పుస్తకంగా నడిచేది, ఆ లిలీ ఈ బడికి మొదటి హై మాస్టరు కూడా. మన పాత వీధిబడిలో అమరం వల్లెవేసినట్టే, అర్థం తర్వాత సంగతి, ముందు నోటికి రావాలి. విభక్తులు, క్రియారూపాలు, వాటిమీద సూత్రాలు, సూత్రాలకి ఉదాహరణలుగా కవుల పంక్తులు. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రం అప్పగించాలి, వారం పాఠం వారాంతంలో అప్పగించాలి. పై తరగతుల్లో గ్రీకు, ఆఖరు తరగతిలో హీబ్రూ.

అసలు పని వ్యాకరణం అయ్యాక మొదలవుతుంది. మీ పేపరుకి గుండెకాయ లాంటిది ఇక్కడుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూడండి. మొదటి మెట్టు జంట అనువాదం. రోమన్ వక్త సిసిరో ఉత్తరం ఒకటి పిల్లవాడి ముందు పెడతారు. దాన్ని ఒక నోటుపుస్తకంలో ఇంగ్లీషులోకి దించుతాడు. మూలం తీసేసుకుని కనీసం గంట ఆగుతారు. అప్పుడు తన ఇంగ్లీషుని మాత్రమే చూస్తూ ఇంకో పుస్తకంలో మళ్ళీ లాటిన్‌లోకి తిప్పుతాడు. తర్వాత రెండు లాటిన్లనూ పక్కపక్కన పెట్టి మాస్టరు చూపిస్తాడు: సిసిరో ఈ క్రియని వాక్యం చివర ఎందుకు దాచాడు, నువ్వు ముందెందుకు పెట్టావు, ఈ మాట బదులు ఆ మాటెందుకు. గంట ఆగడంలోనే కిటుకంతా ఉంది. వెంటనే తిప్పితే మూలం కంఠస్థం నుంచి ఊడిపడుతుంది, పిల్లవాడు ఆలోచించడు. మరీ ఆలస్యం చేస్తే తన వాక్యం ఎందుకు అలా కట్టాడో తనకే గుర్తుండదు.

రెండో మెట్టు పద్యం. రోమన్ కవి ఓవిడ్ పద్యంలోని మాటల్ని చెదరగొట్టి వచనంలా ఇస్తారు, గణాలు సరిపోయేలా తిరిగి పేర్చాలి. అది చేతనయ్యాక మాటలు మార్చాలి, ఆపైన విషయం ఇస్తే సొంతంగా కట్టాలి. ఎక్కువ వాడింది ఎలిజీ ఛందస్సు: ఆరు గణాల పాదం ఒకటి, ఐదు గణాల పాదం ఒకటి, రెండూ ఒక జత. మిల్టన్ లాటిన్ ఎలిజీలు ఏడూ ఈ ఛందస్సులోనివే. ఇందులో పిల్లలు తప్పేది ఎక్కడంటే, గణం నింపడానికి పనికిరాని విశేషణాలు కూరుతారు. ఎలిజీ ఛందస్సు అలవాటైన చేతికి ఆ జబ్బు తొందరగా పోదు, మిల్టన్ కుర్రతనపు లాటిన్‌లోనూ అక్కడక్కడా కనిపిస్తుంది.

మూడోది వ్యాసం, ఉపన్యాసం. ఆఫ్థోనియస్ అనే ప్రాచీన గ్రీకు అధ్యాపకుడి అభ్యాసాలు పద్నాలుగు: చిన్న కథ చెప్పడం, సామెతని విస్తరించడం, ఒక వాదాన్ని ఖండించడం, మళ్ళీ సమర్థించడం, పొగడ్త, తెగడ్త, ఇలా పోతాయి. మిల్టన్ చేసిన అభ్యాసం ఒకటి అదృష్టవశాత్తు దొరికింది. 1874లో అతని నోట్సు పుస్తకంతో పాటు ఒక విడికాగితం బయటపడింది. ‘పొద్దున్నే పక్క దిగు’ అన్న లిలీ వ్యాకరణంలోని నీతిపంక్తి మీద లాటిన్ వచనం, అదే విషయం మీద ఎలిజీ పద్యాలు. నిజం చెప్పాలంటే అందులో కవిత్వమేమీ లేదు. కానీ పేపరులో ఉటంకించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు: విషయం బడి ఇచ్చింది, ఛందస్సు బడి ఇచ్చింది, పిల్లవాడు వాటిని నింపాడు.

ఈ చదువు మిల్టన్ మహాకావ్యం ‘పారడైజ్ లాస్ట్’లో ఎక్కడ తేలిందో చూపమంటే మొదటి సర్గ 44వ పంక్తి తీయండి. ‘హిమ్ ది ఆల్మైటీ పవర్ / హర్ల్‌డ్ హెడ్‌లాంగ్’ అని మొదలవుతుంది. కర్మ ముందు, కర్త తర్వాత, క్రియ ఆ తర్వాతి పంక్తిలో. మనకి ‘వాణ్ని సర్వశక్తిమంతుడు విసిరేశాడు’ అన్న వరస మామూలే కాబట్టి అందులోని వింత చెవికి తగలదు. ఇంగ్లీషు చెవికి అది లాటిన్ వాక్యపు కట్టుబడి, రోజూ లాటిన్‌కీ ఇంగ్లీషుకీ మధ్య అటూ ఇటూ తిరిగిన చెయ్యి పెట్టింది. ఇంకొకటి జ్ఞాపకశక్తి. 1652 నాటికి చూపు పూర్తిగా పోయింది. తర్వాత ఆ కావ్యాన్ని తలలోనే కట్టి చెప్పి రాయించాడు. ఒక్కోసారి పది, ఇరవై, ముప్పై పంక్తుల చొప్పున తనకి చూపించేవాడనీ, చేతికి దొరికినవారు రాసినందువల్ల స్పెల్లింగు తప్పులు తాను దిద్దేవాడిననీ మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ రాశాడు. కళ్ళు లేకుండా అంత నిడివి పద్యాన్ని మోయగలగడానికి ఏళ్ళ తరబడి సాయంత్రాలు పాఠం అప్పగించిన అలవాటు కొంత సాయపడిందని నా నమ్మకం.

గిల్ గురించి రెండు మాటలు. ఇంగ్లీషు భాష మీద లాటిన్‌లో వ్యాకరణం రాశాడు, 1619లో అచ్చయింది. అలంకారాలకి ఉదాహరణలు ఇచ్చేటప్పుడు లాటిన్ కవుల్ని కాకుండా ఇంగ్లీషు కవి స్పెన్సర్‌ని ఎత్తి చూపాడు. లాటిన్ బడిలో ఇంగ్లీషు కవిత్వానికి పీట వేసిన హెడ్మాస్టరు అన్నమాట, మిల్టన్ స్పెన్సర్ భక్తికి ఇదొక దారి. బెత్తం వాడకంలోనూ ఆయన పేరుమోసినవాడే. ఈ బడిలోనే దొరికిన స్నేహితుడు చార్లెస్ డియోడాటి, ఇటలీ మూలాలున్న వైద్యుడి కొడుకు. అతను ముందే ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిపోయాడు, అందువల్ల ఉత్తరాలు నడిచాయి, అందువల్ల మనకి సాక్ష్యాలు మిగిలాయి.

కేంబ్రిడ్జి. క్రైస్ట్స్ రిజిస్టరులోని ఆ పద్దు ఇలా ఉంటుంది: లండన్‌వాసి, జాన్ కుమారుడు, పాల్స్ బడి అధిపతి గిల్ దగ్గర చదువు నేర్చాడు, చాపెల్ అనే ట్యూటరు కింద చిన్న పెన్షనరుగా చేరాడు, ప్రవేశానికి 10 షిల్లింగులు కట్టాడు. పెన్షనరు అంటే తిండికీ గదికీ సొంత డబ్బు కట్టుకునే విద్యార్థి. పైన ఫెలో కామనర్లు, ఉన్నవాళ్ళ పిల్లలు. కింద సైజర్లు, పనులు చేసి చదువుకునేవాళ్ళు. మధ్య తరగతిలో చేరాడన్నమాట, తండ్రి స్థితికి తగ్గట్టే.

బి.ఏ.కి నాలుగేళ్ళు, ఎం.ఏ.కి మూడేళ్ళు. చదువు తర్కం, అలంకారశాస్త్రం, అరిస్టాటిల్. పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు, అందరి ముందూ లాటిన్‌లో వాదం. ఒకడు ప్రతిపాదన నిలబెట్టాలి, ఎదుటివాళ్ళు తర్కసూత్రాలతో పడగొట్టాలి. బి.ఏ.కి నియమం ప్రకారం రెండుసార్లు నిలబెట్టాలి, రెండుసార్లు పడగొట్టాలి. మిల్టన్ ఇచ్చిన ఏడు ఉపన్యాసాలు 1674లో అచ్చయ్యాయి. పగలు గొప్పదా రాత్రి గొప్పదా అన్నది ఒకటి. మూడోదానిలో ఈ పండిత తర్కాన్నే తూర్పారబట్టాడు: ఆనందం లేదు, ప్రయోజనం లేదు అని. కాలేజీ అడిగిన అభ్యాసంలోనే కాలేజీ చదువుని తిట్టడం ఆ నియమాల కింద చెల్లేది, అందుకే దాన్ని తిరుగుబాటుగా మరీ పెద్దది చేయకండి.

వెళ్ళగొట్టిన కథ 1626 వసంతకాలపు సంగతి. చాపెల్‌తో ఏదో గొడవ వచ్చింది, మిల్టన్ కొన్ని వారాలు లండన్ ఇంటికి వచ్చేశాడు. డియోడాటికి రాసిన మొదటి ఎలిజీలో ఉన్నది ఇంతే: కరకు మాస్టరు బెదిరింపులు భరించడం నచ్చలేదు, ఇది ప్రవాసమైతే ఇలాంటి ప్రవాసమే కావాలి, పుస్తకాలు, నాటకాలు, పార్కుల్లో అమ్మాయిలు. చివర్లో, రెల్లు పెరిగిన కామ్ నది ఒడ్డుకి, అంటే కేంబ్రిడ్జికి, తిరిగి వెళ్తున్నాననీ చెప్పాడు. వెళ్ళాడు కూడా, వేరే ట్యూటరు నథానియల్ టోవీ కింద. ఒక్క టర్మూ నష్టపోలేదు, లేకపోతే 1629 మార్చికి పట్టా వచ్చేది కాదు. తమ్ముడు క్రిస్టఫర్‌ని కూడా 1631లో అదే కాలేజీలో అదే టోవీ కింద చేర్చారు. పరువు పోయిన చోటికి తండ్రి రెండో కొడుకుని పంపుతాడా?

కొట్టిన సంగతి ఆబ్రీ నోట్సులో ఉంది. చాపెల్ ‘కఠినంగా ప్రవర్తించాడు’ అని రాసి, ఆ మాటమీద చిన్న అక్షరాలతో ‘కొట్టాడు’ అని చేర్చాడు. సమాచారం ఇచ్చింది తమ్ముడు క్రిస్టఫర్, అయితే 1626లో అతని వయసు పదీ పదకొండు. పద్దెనిమిదో శతాబ్దంలో విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ దీన్ని బహిరంగ శిక్షగా పెంచి రాశాడు, గైడులు అక్కణ్ణుంచి ఎత్తుకున్నాయి. ‘బహిష్కరణ’ అన్న ఆరోపణ 1642లో ప్రత్యర్థులు కరపత్రంలో వేసింది. కాలేజీ ఫెలోలు (అధ్యాపక సభ్యులు) తనను ఇంకా ఉండమన్నారని మిల్టన్ దానికి బదులిచ్చాడు. పేపరులో ‘కొద్దికాలం ఇంటికి పంపారు, ట్యూటరు మారాడు’ అని రాయండి, కొట్టడం గురించి ‘ఆబ్రీ ప్రకారం’ అని తగిలించండి.

కాలేజీలో అందరూ అతణ్ని ‘లేడీ ఆఫ్ క్రైస్ట్స్’ (క్రైస్ట్స్ కాలేజీ దొరసాని) అనేవారన్నది నిజమే, 1628 సెలవుల వేడుక ఉపన్యాసంలో మిల్టనే దాన్ని ఎత్తి ఎగతాళి తిప్పికొట్టాడు. పద్యాల్లో చూడాల్సింది 1629 క్రిస్మస్‌కి రాసిన క్రీస్తు జనన గీతం. ఇరవై ఒకటి నిండిన ఆ నెలలో మొదటిసారి ఇంగ్లీషులో లాటిన్‌కి సమానమైన పట్టు దొరికింది. 1645 సంపుటిలో దాన్నే మొట్టమొదట వేసుకున్నాడు.

రెండు పట్టాలకీ రాజు ఆధిపత్యాన్నీ, ప్రార్థనా గ్రంథాన్నీ, చర్చి ముప్పై తొమ్మిది సూత్రాలనూ ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. 1629లోనూ 1632లోనూ పెట్టాడు. చర్చి ఉద్యోగానికే చదివాడు, చేరలేదు. పాస్టరు కావాలంటే సంతకంతో బానిస కావాలని 1642లో రాశాడు. ఈ రెంటి మధ్య పదేళ్ళున్నాయి, చర్చి పద్ధతుల్లో కట్టుబాట్లు బిగించిన విలియం లాడ్ 1633లో ఆర్చిబిషప్పు కావడం ఉంది. మొదటినుంచీ తిరుగుబాటుదారే అని రాసేముందు ఆ సంతకాలు గుర్తుంచుకోండి.

1632 నుంచి 1638 వరకు ఆరేళ్ళు. పాత జీవితచరిత్రలు దీన్ని ‘హార్టన్ కాలం’ అంటాయి, పల్లెటూరు, చెట్లు, సెలయేరు. కోర్టు కాగితాలు వేరేలా చెబుతున్నాయి: 1632 నుంచి 1635 దాకా కుటుంబం ఉన్నది లండన్‌కి దగ్గరలో ఉన్న హామర్‌స్మిత్‌లో. హార్టన్‌కి వెళ్ళింది ఆ తర్వాత. తల్లి సారా 1637 ఏప్రిల్‌లో పోయింది, సమాధి హార్టన్ చర్చిలో ఉంది. ఎల్’అలెగ్రో, ఇల్ పెన్సెరోసో అనే జంట కవితలకి హార్టన్ పచ్చదనం అంటగట్టే పేరాలు వదిలేయండి.

ఏం చదివాడంటే, గ్రీకు, లాటిన్ రచయితల్ని వరసగా. పుస్తకాలు కొనడానికీ, గణితంలో సంగీతంలో కొత్త సంగతులు తెలుసుకోవడానికీ లండన్ వెళ్ళి వచ్చేవాడినని తర్వాత రాసుకున్నాడు. 1634లో కొన్న యూరిపిడీస్ నాటకాల ప్రతి ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది, వెల 12 షిల్లింగుల 6 పెన్నీలు అని అతని చేత్తోనే ఉంది, మార్జిన్ల నిండా దిద్దుబాట్లు. చదివినదానిలో పనికొచ్చేది నోట్సు పుస్తకంలో మూడు భాగాలుగా ఎక్కించేవాడు: నీతి, గృహజీవితం, రాజ్యం. ఆ పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఏ పద్దు ఎప్పటిదో తేల్చడానికి పండితులు వాడే చిన్న ఆధారం అతను రాసిన ‘e’ అక్షరం. మొదట్లో గ్రీకు ఎప్సిలాన్ (ε) ఆకారంలో రాసేవాడు, 1638 ఇటలీ ప్రయాణం నాటికి ఇటాలియన్ తరహాకి మారాడు. 2019లో ఫిలడెల్ఫియా ఫ్రీ లైబ్రరీలోని షేక్స్‌పియర్ ఫస్ట్ ఫోలియో (నాటకాల తొలి సంపుటి) ప్రతి మీది రాతలు మిల్టన్‌వేనని గుర్తించినప్పుడు కూడా ఇలాంటి చేతిరాత పోలికలే పనికొచ్చాయి.

‘ఇన్నేళ్ళు చదువేనా’ అని ఒక మిత్రుడు అడిగితే జవాబుగా రాసిన ఉత్తరం చిత్తుప్రతి కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ రాతప్రతిలో ఉంది. తన ఇరవై మూడో ఏటిని కాలం దొంగలా ఎత్తుకుపోయిందన్న సానెట్ (పద్నాలుగు పంక్తుల పద్యం) దాంట్లోనే జతచేశాడు. కొడుకు జీవనోపాధి గురించి తండ్రికీ బెంగ ఉన్నట్టుంది. ‘యాడ్ పాట్రెమ్’ అనే లాటిన్ కవితలో లాటిన్, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి, ఇటాలియన్ నేర్పించినందుకు నాన్నకి కృతజ్ఞత చెబుతూనే, సంగీతకారుడైన నువ్వు కవిత్వాన్ని కాదనకూడదు కదా అని నెమ్మదిగా బతిమాలాడు. 1638లో ఇటలీ పంపిన ఖర్చూ తండ్రిదే.

చివరగా, 1644లో విద్య మీద, విద్యాసంస్కరణలు కోరిన శామ్యూల్ హార్ట్‌లిబ్‌కి రాసిన చిన్న పుస్తకాన్ని మీ పేపరులో ఎలా వాడాలో చెబుతాను. ఒక ఏడాదిలో హాయిగా వచ్చే లాటిన్, గ్రీకులకి ఏడెనిమిదేళ్ళు తగలేస్తున్నారనీ, ఖాళీ బుర్రల చేత వ్యాసాలూ పద్యాలూ ఉపన్యాసాలూ పిండిస్తున్నారనీ అందులో తిడతాడు. పైన చెప్పిన మూడు మెట్లే అవి. తనను కవిని చేసిన పద్ధతినే తప్పుపడుతున్నాడు. దీన్ని మిల్టన్ చదువు వివరణగా వాడితే తప్పు, ఆ చదువు మీద అతని తీర్పుగా వాడితే ఒప్పు. పన్నెండు నుంచి ఇరవై ఒకటో ఏడు వరకు, 130 మంది విద్యార్థులు ఒకే ఇంట్లో, బడీ కాలేజీ రెండూ అదే అన్న అతని ప్రణాళికలో ఇటాలియన్ భాష ‘ఏదో తీరిక గంటలో’ నేర్చేసుకుంటారట. అందరూ తనలాంటి పిల్లలే అనుకున్నాడు.

కంటిచూపు గురించి కూడా అలాంటి జాగ్రత్తే కావాలి. పన్నెండో ఏటినుంచి అర్ధరాత్రి దాటకుండా పడుకున్నది లేదనీ, కళ్ళు చెడడానికి మొదటి కారణం అదేననీ అందరూ రాస్తారు. ఆ మాట 1654లో, నలభై అయిదేళ్ళ వయసులో, ప్రత్యర్థులు గుడ్డివాడని వెక్కిరించాక మిల్టన్ లాటిన్‌లో ఇచ్చుకున్న సంజాయిషీ. ‘అని మిల్టన్ తర్వాత రాసుకున్నాడు’ అన్న నాలుగు మాటలు చేర్చి రాయండి, వైద్యకారణంగా మీ సొంత గొంతుతో చెప్పకండి.